బోడినాయకనూరు: వచ్చినవారు, చూపినవారు

మన పూర్వులకు పరదేశము మిక్కిలి దూరమున నుండెడిది కాదు. ఒక యేరు దాటి, మాట మారి, బావినీటి రుచి మారినచో అదియే పరదేశము. చదువుకొరకు అట్లు ఇల్లు విడిచిపోయిన పిల్లవానికి గురువు పాఠము చెప్పునే గాని, పూటపూటకు విస్తరి వేయువారిని వాడు ఊరిలో వేరుగ వెదకుకొనవలసి యుండెడిది. ఈ అక్కరలోనుండి పుట్టినదే తెలుగునాట నిన్నమొన్నటి వరకు నిలిచియుండిన వారముల పద్ధతి. ఆదివారము ఒకరి యింట, సోమవారము వేరొకరి యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఏ యింటివారైన ఊరికి పోయిన దినమున మంచినీళ్లతో గడపి, వ్యాకరణమును తర్కమును సాధించిన పండితులు మనలో ఎందరో కలరు. వారాలబ్బాయి ఆ యింటికి చుట్టము కాడు, పనివాడును కాడు. అయినను నాలుగు చేదల నీరు తోడిపోయుట, వచ్చిన ఉత్తరము చదివి వినిపించుట, చంటివానిచేత అక్షరములు దిద్దించుట వాని వంతు. ఆ యింటివారు తిరునాళ్లకు బండి కట్టిరా, వెనుక పరచిన గడ్డిమీద వానికిని చోటుండెడిది. ఆనాటి విద్యార్థి తాను చదివిన ఊరి గుళ్లను, చెరువులను, కొండలను చూచుట ప్రాయికముగ అన్నము పెట్టిన యింటివారి వెంటనే జరిగెడిది. వారు చూపినంత మేరయే వాని కా ఊరు.

ఈ యాతిథ్యమును శ్లాఘించుచు మనవారు వ్రాసినది విస్తారముగ నున్నది గాని, గృహస్థుడు పరదేశి విద్యార్థికి తన ఊరిలో ఏమేమి చూపును, ఏమేమి చూపక దాటిపోవును అను సంగతి నెవరును పట్టించుకొనినట్లు లేదు. చూపువాడు తనకు గర్వకారణమైనదానిని ముందు చూపును. పిమ్మట తనకు కూడు పెట్టుచున్నదానిని చూపును. అడిగినప్పుడే తన పూర్వులు వచ్చిన దారిని చెప్పును. తన పూర్వుల రాకచే స్థానము తప్పినవారిని గూర్చి మాత్రము తనంతట తాను ఎన్నడును చెప్పడు. మధురలో చదువుకొను దినములలో బోడినాయకనూరి కంబళత్తు నాయకుల కుటుంబమొకటి సెలవులందు నన్ను తమ యింట నుంచుకొని, ఊరును ఊరి చుట్టుపట్లను తిప్పి చూపినది మొదలు, ఈ క్రమమును ఆ ఊరి చరిత్రతో కలిపి ఆలోచించుట నాకు అలవాటైనది.

మధుర విద్యార్థుల నగరమగుట క్రొత్త సంగతి కాదు. 1606లో అచ్చటికి వచ్చిన ఇటలీ దేశపు జెస్యూటు రాబర్టో డి నోబిలి 1610లో వ్రాసిన యొక లేఖలో, ఆ నగరమున పదివేలమందికి పైగా విద్యార్థులు కలరనియు, వారు రెండువందలు మూడువందల చొప్పున తరగతులై వేర్వేరు ఆచార్యులకడ చదువుచున్నారనియు తెలిపెను. తెలుగువారైన నాయకరాజుల దానములతో ఆ చదువులు సాగుచుండెను. పదివేలన్న లెక్కలో కొంత యుత్సాహము కలిసియున్నను ఉండవచ్చును. యాత్రికులందరికి అది సహజమే. అయితే ఆ లేఖ వ్రాసిన డి నోబిలియే ఒక పరదేశి విద్యార్థి యని మనము తఱచుగ మరచుచుందుము. గొప్ప యింట పుట్టిన ఆ యువకుడు కాషాయము ధరించి, మాంసము విడిచి, శివధర్ముడను తెలుగు బ్రాహ్మణునికడ సంస్కృతము నేర్చుకొనెను. తమిళముతోపాటు తెలుగును అభ్యసించెను. శాస్త్రమును పరదేశి చెవిని వేయుట ఆనాటి బ్రాహ్మణునకెంత సాహసమో చెప్పనక్కరలేదు. ఆ గురువే పిమ్మట శిష్యుని మతము పుచ్చుకొనుట వేరొక కథ. ఏమైనను, దక్షిణదేశమున విదేశీయునకు సంస్కృతము నేర్పినవారిలో ఆద్యుల నెన్నునప్పుడు మధురలోని ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు.

ఆ శతాబ్దము ముగియునప్పటికి మధురను పాలించిన రాణి మంగమ్మ బాటలు వేయించి, బాటసారులకు సత్రములు కట్టించినది. ఆమె పేరనే పిలువబడు సత్రము మధుర రైల్వేస్టేషను నెదుట నేటికిని ఉన్నది. బోడినాయకనూరికి పోవువాడు ఆ సత్రము ముందునుండియే బయలుదేరవలెను.

మధురకు పడమర తొంబది కిలోమీటర్ల దూరమున, పడమటి కనుమలు మూడు ప్రక్కల చుట్టిన మూలలో, కొట్టగుడి యేటి యొడ్డున ఆ ఊరున్నది. ఇప్పుడది తేని జిల్లాలోనిది. మొన్నమొన్నటి వరకు మధుర జిల్లాలోనిది. తమిళులు ముద్దుగ బోడి యందురు. చుట్టుపట్ల పటము చూచిన తెలుగువానికి ఆశ్చర్యము కలుగక మానదు: గంటమనాయకనూరు, ఎరసక్కనాయకనూరు, దొడ్డప్పనాయకనూరు, ఉత్తప్పనాయకనూరు, అమ్మయనాయకనూరు. ఒక్కొక్కటియు ఒక పాళెము, ఒక్కొక్క పాళెమునకు ఒక తెలుగు నాయకుని పేరు. విశ్వనాథ నాయకుడు పదునారవ శతాబ్దమున మధురను చేపట్టి, దళవాయి అరియనాథ ముదలియారుతో కలిసి దేశమును 72 పాళెములుగ విభజించి, మధుర కోట బురుజుల రక్షణను ఒక్కొక్కటి చొప్పున పాళెగాండ్ర కప్పగించెననుట ప్రసిద్ధము. అడవి నరికి పొలము చేయుట, చెరువు త్రవ్వుట, దొంగలను పట్టుట, పిలిచినప్పుడు బలగముతో వచ్చుట వారి విధులు. చేసినవారును చేయనివారును కలరు. పాళెగాండ్ర చరిత్ర యంతయు వీరగాథయని నమ్మించజూచువారి మాట నేనంతగ నమ్మను.

బోడి వంశమువారు మాత్రము తాము విశ్వనాథునికంటె ముందే వచ్చితిమని చెప్పుకొందురు. 1906లో వెలువడిన మధుర జిల్లా గెజెటీరులో ఫ్రాన్సిస్ దొర ఆ కథనమును చేర్చినాడు. దాని ప్రకారము వంశమూలపురుషుడు చక్కు నాయకుడు; తురుష్కుల యధికారమునకు వెరచి గుత్తిసీమను విడిచి 1336 ప్రాంతమున దక్షిణమునకు వచ్చినాడు. 1336 అన్న అంకెను చూచి కొంత జాగ్రత్తపడవలెను. విజయనగరము పుట్టినదని మనము పాఠశాలలో వల్లించిన సంవత్సర మదియే. దక్షిణదేశపు వంశచరిత్రలకు ఆ యేటిమీద ఎక్కువ మక్కువ. ఒకడు ఒక యేడు బయలుదేరెననుటకంటె, రెండుమూడు తరములపాటు గొడ్లను తోలుకొనుచు, నీరున్నచోట నిలుచుచు, మెల్లమెల్లగ దిగివచ్చిరనుట యుక్తముగ తోచును. గుత్తియన్న పేరు మాత్రము కల్పించినదని చెప్పుటకు వీలులేదు. మూడునాలుగువందల మైళ్ల దూరమున ఉన్న ఒక కొండకోట పేరును, దానివలన ఏ లాభమును లేని దినములలోను, తరతరములుగ చెప్పుకొనుచు వచ్చుటకు ఏదో ఆధారముండి తీరవలెను.

వలస కథను నాకు చెప్పినది ఆ యింటి అవ్వ. పొంగిన యేటి యొడ్డున, వెనుక గుఱ్ఱపుదండు తరుముకొని వచ్చుచుండగా, ఆడపిల్లలను నడుమ నుంచుకొని మందవారందరు నిలిచిపోయిరట. అప్పుడు రెండు గట్లమీది కానుగచెట్లు రెండును వంగి కొమ్మకు కొమ్మ కలిపి వంతెనయైనవట. అందరు దాటినంతనే అవి లేచి యథాప్రకారము నిలిచినవట. "ఆ చెట్లు వంగకుంటే మేము యాడుండేది నాయనా" అని అవ్వ తేల్చినది. నేనపుడు దానిని ఆమె సొంత కల్పనగ భావించితిని. తరువాత 1909లో అచ్చైన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథములో కంబళత్తు నాయకులకే వేరొక పేరైన తొట్టియ నాయకుల ప్రకరణమున ఇదే కథ, ఇదే కానుగచెట్టు కనబడెను. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టి తమిళమున రచనలు చేసిన కి. రాజనారాయణన్, తన గోపల్ల గ్రామమను నవలలో వేరొక తెలుగు కులమువారి వలసను వర్ణించినపుడును, ఒక కన్యకొరకు పరుగెత్తిన పయనమునే కథకు మొదలుగ నిలిపినాడు. కులములు వేరు, కాలములు వేరు, కథ యొక్కటే. తరిమినవాడెవడైనను, తెలుగువారు దక్షిణమునకు పోయిన కారణములలో క్రొత్త రాజ్యపు జీతములు, ఖాళీగనున్న నల్లరేగడి నేలలు కూడ నుండుట నిశ్చయము. అయితే జీతమునకై వచ్చితిమని ఏ యవ్వయు మనుమనికి చెప్పదు.

నాకు మొదట చూపినది జమీను కోట. పిల్లలు, పెద్దలు, నన్ను కలుపుకొని ఒక ఊరేగింపువలె పోయితిమి. గోడలమీది రామాయణ చిత్రములను ఒక్కొక్కదానిని నా యాతిథేయుడు వ్రేలితో చూపుచు, ఏ ఘట్టమో నాకు తెలియదన్నట్లు వివరించెను. రామాయణము తెలుగుదేశమునకు చేరలేదేమో యను అనుమానము ఆయనకు కొంత ఉన్నట్లుండెను. ఆ పాళెము హైదరాలీ కాలపు కల్లోలములలో చేతులు మారి, తిరువాన్కూరు రాజు క్రిందికి పోయి, కుంపిణీ దొరల ఏలుబడిలో మరల నిలద్రొక్కుకొని, జమీందారీయై, దేశమున స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 నాటి చట్టముతో రద్దైనది. మన జమీందారీల కథలన్నియు ఇంచుమించు ఇంతే గనుక దానిని విస్తరింపను. ఒక్క సంగతి మాత్రము మనసున నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దము చివర అచ్చట జమీందారైన వాని పేరు కామరాజ పాండ్య నాయకుడు. ఆయన అనంతరము ఆయన భార్య కాములు అమ్మాళ్ చాలకాలము జమీను నడపినది. తెలుగు నాయకునికి పాండ్య బిరుదమేల? వచ్చిన చోటి పూర్వరాజుల పేరు తగిలించుకొనుట చొరబాటు కాదు, కాపురము. నాలుగువందల యేండ్లు ఒక యింట ఉన్నవానికి ఆ యింటిపేరు అంటక మానదు.

రెండవనాడు కొండలు. బోడిలో ఏ వీధి చివర నిలిచినను తుదకు కన్ను కొండమీదనే పడును. వారందరు ఆ కొండలను తమ పెరటి గోడవలె చూపిరి. కురంగణి దారిలో తలపాగా చుట్టుకొని, వీపున మూట కట్టుకొని దిగుచున్న ఇద్దరిని చూచి ఎవరని నేనడుగగా, "ముదువాన్లు, మీది కొండోళ్లు" అని చెప్పి నా యాతిథేయుడు మాట మార్చినాడు. ఈ ముదువరులను గూర్చి థర్‌స్టన్ వ్రాసిన ప్రకరణమును చదివినపుడుగాని ఆ మాట మార్పులోని చరిత్ర నాకు తెలియలేదు. ముదువరులు తాము కొండలలో పుట్టినవారము కామని చెప్పుకొందురు. పూర్వము తాము మధురలో నుండెడివారమనియు, పాండ్యరాజుల కాలపు యుద్ధముల గందరగోళములో పిల్లలను వీపున కట్టుకొని పారిపోయి వచ్చితిమనియు, బోడినాయకనూరి దగ్గర తమలో కొందరు విడిపోయిరనియు వారి ఐతిహ్యము. ఆ గ్రంథముననే, తెలుగు నాయకులు బోడినాయకనూరిని ఆక్రమించి వీరిని కొండలపైకి తరిమి యుండవచ్చునను ఊహయు కలదు.

నిజమే, ఇది ఊహయే. శాసనము లేదు, సాక్ష్యము లేదు. అయినను రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కంబళమువారు ఉత్తరమున తురుష్కులకు వెరచి ఆడపిల్లలతో పారిపోయి వచ్చి బోడిలో నిలిచిరి. వారు నిలిచినందువలననో, మరి యే రాజుల యుద్ధమువలననో, ముదువరులు పసిపిల్లలను వీపున వేసికొని అదే బోడి మీదుగ కొండ యెక్కిరి. ఒకరి పయనము ముగిసిన తావు వేరొకరి పయనమునకు మొదలు. కానుగచెట్టు కథను వేయిసార్లు చెప్పు ఇంటిలో ముదువరుల కథ ఒక్కసారియు వినబడకపోవుటను నేను దోషముగ ఎంచను. మన యిండ్లలోను ఇంతే; మనకు జరిగినది కథయగును, మనవలన జరిగినది ఎవరో బయటివారు వ్రాసిన పుస్తకమున నుండును. ఆతిథ్యమిచ్చిన యింటివారిని గూర్చి ఇట్లు వ్రాయుట మర్యాద కాదందురేమో. చరిత్ర వ్రాయుటకు కూర్చున్నవాడు తిన్న యుప్పును తలచుకొనవలెను గాని, దానికొరకు ఒక పేజీని చింపకూడదు.

ఆ యింటివారికి కూడు పెట్టునది యేలకి. బోడిలో నున్న విచిత్రమేమనగా, ఊరివారి తోటలు చాలవరకు ఊరిలో లేవు, జిల్లాలో లేవు, రాష్ట్రముననే లేవు. కొండ వాలునకు అవతల, పూర్వము తిరువాన్కూరు రాజ్యములోను ఇప్పుడు కేరళలోను చేరిన యేలమలలో అవి యున్నవి. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రము లేర్పడినపుడు దేవికుళము, పీరుమేడు తాలూకాలు తమిళనాటికి రావలెనని గట్టి ప్రయత్నమే జరిగెను, రాలేదు. అయినను వర్తకము సరిహద్దును లెక్కపెట్టదు. తెల్లవారకముందే కూలివాండ్రతో నిండిన జీపులు బోడిమెట్టు మలుపులు తిరుగుచు పైకి పోవును. చీకటి పడునప్పటికి మనుష్యులును మూటలును క్రిందికి దిగుదురు.

ఆ పంట పనిని నాకు దగ్గరనుండి చూపినది అవ్వ కోడలు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో, తలుపులు సగము మూసి, ఆడువారు చేటలు ముందు పెట్టుకొని వరుసగ కూర్చుండి యుండిరి. కొండమీద పొగగొట్టపు గదులలో ఆరబెట్టిన కాయ చేటలోనికి వచ్చును. తొడిమను, మొననంటుకొన్న ఎండు పూరేకును నలిపి తీసివేయుదురు. పగిలినది ఒక ప్రక్క, పాలిపోయినది ఒక ప్రక్క, పురుగు తొలిచినది ఒక ప్రక్క. వారి చేతులు కాయను చూచుటకంటె ముందే దానిని ఎరుగును. మాటలాడుచునే, ఒకరి పిల్లను ఒకరు గదమాయించుచునే, బొటనవ్రేలితో కాయను ఒక్కసారి దొర్లించి పక్కకు నెట్టుదురు. తరువాత జల్లెడ. ఎనిమిది మిల్లీమీటర్ల కన్నము గల జల్లెడమీద నిలిచినది మేలురకము. క్రిందికి జారినది జారినట్లు వెలయు తగ్గును. పచ్చిది నాలుగైదు కిలోలు ఆరితేగాని ఒక కిలో యెండుకాయ రాదు. ఆ యిల్లాలు ఒక కాయను నా చేతిలో పెట్టి, ఒలిచి చూడుమన్నది. లోన గింజలు నల్లగ, జిగటగ ఉన్నచో పండి కోసినది. ఎఱ్ఱగ, పొడిగ ఉన్నచో తొందరపడి కోసినది. పచ్చని తొక్కను చూచి మోసపోవువారు మనవంటి పాయసపు వర్తకులే.

వేలములో కొనువాడును ఇదియే చేయును. చిన్న తట్టలలో నమూనా త్రిప్పుదురు; వర్తకుడు గుప్పెడు తీసి, ముక్కునకు పట్టి, ఒకటి కొరికి, ఏమియు తోచనట్లు ముఖము పెట్టును. పూర్వము వేలము నోటితోనే సాగెడిది. 1987లో సుగంధద్రవ్యముల బోర్డు ఏర్పడిన సుమారు ఇరువది యేండ్లకు కంప్యూటరు వేలము వచ్చినది. కేరళలోని పుట్టడితోపాటు బోడియు దానికి కేంద్రము. మీటలు నొక్కుచున్నను కాయను కొరుకుట మానలేదు. ఆ దినములలో మా యాతిథేయుని కంఠమున తఱచుగ వినబడిన విదేశపు పేరు అమెరికాయు కాదు, సింగపూరును కాదు, గ్వాటెమాల. సముద్రముల కవతల మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశము మనకంటె ఎక్కువ యేలకి పండించి, అరబ్బుల కాఫీ గిన్నెలలోనికి పంపుచున్నది. అచ్చట వాన బాగుగ కురిసినదని పత్రికలో చదివి ఆయన ఆ పూట సరిగ భోజనము చేయలేదు.

తేయాకు కథ ఇంతకంటె చిత్రమైనది. 1877లో జాన్ డేనియల్ మన్రో అను దొర పూంజారు రాజునొద్ద కన్నన్ దేవన్ కొండలను కౌలునకు తీసికొనెను. తేయాకు పండినది గాని, ఆ కొండలనుండి దానిని సముద్రమునకు చేర్చుటకు మలయాళము వైపు సరియైన దారి లేదు. తమిళము వైపు దారియే లేదు, నిలువు లోయ మాత్రమున్నది. మున్నారునుండి కొండ యంచువరకు 1902లో మొదట ఒంటిపట్టా మీద ఎద్దులు లాగు బండ్లు నడపిరి. 1908లో చిన్న రైలు వేసిరి. ఆ రైలు ముగిసిన చోటు టాప్ స్టేషన్. అచ్చట పెట్టెలను ఇనుప త్రాటికి తగిలించి గాలిలో క్రిందికి వదలిరి. అవి లోయమీదుగ జారి కొట్టగుడి చేరినవి. అచ్చటినుండి ఎద్దుబండ్లమీద బోడికి, బోడినుండి రైలునకు, రైలునుండి ఓడకు, ఓడనుండి లండను నగరపు గిన్నెకు. 1924 నాటి ప్రళయమువంటి వరదలో కొండమీది రైలు కొట్టుకొనిపోయినది, మరల వేయలేదు. టాప్ స్టేషన్ అని మాత్రము ఈనాటికిని పిలుచుచున్నారు. స్టేషను చూతమని ఎక్కి వచ్చిన యాత్రికులకు మంచును, మొక్కజొన్నపొత్తులును, దిగువ బోడి దీపములును కనబడును. నా యాతిథేయుడు కొట్టగుడిలో నన్ను నిలిపి, త్రాడు ఎక్కడినుండి ఎక్కడికి పోయెడిదో ఆకాశమున చేతితో గీత గీసి చూపినాడు. ఆయన దానిని చూచినవాడు కాడు. ఆయన తాత బండి తోలినవాడు. ఊరు చూపుటలో సగము ఇట్లే, లేనిదానిని చూపుట.

క్రింది రైలునకు ఆయువు కొంత గట్టిది. మధుర బోడి రైలుమార్గము 1928లో తెరచిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఇనుము కావలసి పట్టాలు పీకిరి. స్వాతంత్ర్యానంతరము మరల వేసిరి. ఆండిపట్టి దగ్గర కొండను కోసిన కనుమలో ఆ బండి నడచు నడక చూచి, దిగి వెంట నడచినను సరిపోవునని పిల్లలు పందెములు వేసికొనెడివారు. 2010 చివర గేజి మార్పుకొరకు నిలిపివేసిరి. పనులు సాగిసాగి, తేనివరకు 2022 మేలోను, బోడివరకు 2023 జూనులోను బండి వచ్చినది. ఊరిలో ఒక తరము రైలు కూత వినకయే పెరిగినది.

ఇంక చూపనివి కొన్ని కలవు. ఇంట వారు మాటలాడు తెలుగును వారు నాకు చూపదగినదిగ ఎన్నడును తలపలేదు. వీధిలో తమిళము, బడిలో తమిళము, బ్యాంకిలో తమిళము. గడప దాటి లోనికి వచ్చినచో తెలుగు. చదువను వ్రాయను ఎవరికిని రాదు. నా సంచిలోని వారపత్రికను పిల్లలు త్రిప్పిచూచి, జిలేబీలవలె నున్నవని నవ్విరి. ఆ తెలుగునకు పత్రిక లేదు, పాఠ్యపుస్తకము లేదు, రేడియో లేదు. మధుర నాయకుల కొలువులో వచన కావ్యములు వ్రాసిన సముఖము వెంకట కృష్ణప్ప నాయకుని పేరు ఆ యింట ఎవరును విని యెరుగరు. అయినను ఆరువందల యేండ్లు నిలిచినది. దానిని నిలిపినవి పెండ్లిండ్లు, జక్కమ్మ పూజలు, ఉరుమి దరువునకు మగవారు వరుసగట్టి ఆడు దేవరాట్టము. నేను బ్రతిమాలగా ఒక పల్లెకు తీసికొనిపోయి ఆ యాట చూపిరి. తెల్లని బట్టలు, చేతిలో రుమాలు, ఒక్క మాట లేదు, పాట లేదు; ఉరుమి చర్మముమీద వంకరపుల్ల ఒరయుచు చేసిన మూలుగునకు ఇరువదిమంది కాళ్లు ఒక్కమారు లేచి ఒక్కమారు దిగినవి. కోటయు, వేలమును, కొండయు చూపుటకు ఉత్సాహపడినవారు దీనికి మొగమాటపడిరి. "ఇది మా ఇంటి ఆట, చూసేదానికి ఏముంది" అనిరి.

ఇప్పుడు ఊరు చూచుట వేరు తీరుగ జరుగుచున్నది. యాత్రికుల కార్లు బోడిని ఆగకయే దాటి, పదునేడు మలుపులు తిరిగి మున్నారు చేరును. కురంగణి కొండలకు కాలినడకను పోవు పట్టణపు యువజనుల సంఖ్య పెరిగినది. 2018 మార్చి 11న అచ్చటి కార్చిచ్చులో వారిలో ఇరువదిమందికి పైగ ప్రాణములు కోలుపోయిరి. ఏ గడ్డి ఏ నెలలో అంటుకొనునో, గాలి ఏ వైపున మరలునో ఎరిగిన స్థానికుని వెంట లేనిదే పూర్వము ఎవరును ఆ కొండ యెక్కెడివారు కారు. ఆతిథ్యమున అన్నముతోపాటు ఇట్టి యెరుకయు నుండెడిది. అద్దెగదులలో అది దొరకదు.

అవ్వ పోయినది. ఆమె మునిమనుమలు చెన్నపట్టణమున ఉద్యోగములు చేయుచున్నారు. వారి కిప్పుడు గుత్తి చూడవలెనని బుద్ధి పుట్టినది. బోడినుండి చెన్నపట్టణమునకు వారమున మూడు దినములు బండి యున్నది. అచ్చట ముంబయి వైపు పోవు బండి యెక్కినచో గుత్తిలోనే దిగవచ్చును. నన్ను వెంట నుండి చూపుమని కోరినారు. ఏమి చూపవలెనో ఆలోచించుచున్నాను. కోట యున్నది, దాని నేలిన మరాఠా మురారిరావు పేరు చెప్పవచ్చును, 1827లో కలరా తగిలి మరణించిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పూడ్చిన తావును చూపవచ్చును. చక్కు నాయకుని యానవాలు ఇసుమంతయు లేదు. వారికి కావలసినది కానుగచెట్ల యేరు. అది యే యేరో అవ్వ ఎన్నడును చెప్పలేదు, నేను అడుగలేదు. గుత్తినుండి దక్షిణముగ నడచిన మంద యేదైనను పామిడికడ పెన్నను దాటక తప్పదు గనుక, కారును అచ్చటి వంతెనమీద ఆపింతును.